చెరిపేయని టేపు



1966 డిసెంబరు 15. మద్రాసు విజయా గార్డెన్స్‌లో 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' సినిమాకి పాట రికార్డు చేస్తున్నారు. హాస్యనటుడు పద్మనాభం నిర్మాత. సంగీతం ఎస్.పి. కోదండపాణి. పాడేవాళ్లలో పి. సుశీల, పి.బి. శ్రీనివాస్, ఈలపాట రఘురామయ్య ఉన్నారు. ముగ్గురూ అప్పటికే ఊరూవాడా తెలిసిన గొంతులు. వాళ్ల పక్కన నిలబడ్డ నాలుగో మనిషి నెల్లూరు హరికథకులు సాంబమూర్తిగారి అబ్బాయి. వయసు ఇరవై. ఇంజనీరింగు చదువు కోసం మద్రాసు చేరాడు. పాటల పోటీలో పాడి కోదండపాణి చెవిన పడ్డాడు. పేరు బాలసుబ్రహ్మణ్యం.

పాట అయింది. అప్పుడు కోదండపాణి చేసిన ఒక పని గురించి చెప్పుకోవాలి. ఆయన సౌండ్ ఇంజనీరు స్వామినాథన్ దగ్గరికి వెళ్లి, ఈ టేపు చెరపొద్దని అడిగారు. అడగడమే కాదు, ఒప్పించారు. ఆ టేపు ఏడాది పాటు అలాగే ఉంది. సంగీత దర్శకులు ఎవరైనా అటు వస్తే కోదండపాణి ఆ పాట వినిపించి, ఈ కుర్రాడికి అవకాశం ఇవ్వండని చెప్పేవారు. బాలు తరవాతి కాలంలో చెన్నైలో రికార్డింగ్ థియేటర్ కట్టుకుని దానికి కోదండపాణి పేరే పెట్టుకున్నారు. 1974లోనే కన్నుమూసిన గురువుకి శిష్యుడు చెల్లించుకున్న రుణం అది.

అంతకు ముందు కూడా బాలు గొంతు ఒకసారి టేపు మీదికి ఎక్కింది. శ్రీకాళహస్తిలో చదువుకునే రోజుల్లో జి.వి. సుబ్రహ్మణ్యం అనే మాస్టారు ఆ పిల్లవాడి చేత 'చెంచులక్ష్మి'లో సుశీల పాడిన పాట పాడించి టేప్ రికార్డరులో పట్టారు. తన గొంతు తనకే యంత్రంలోంచి వినిపించడం ఆ వయసు పిల్లవాడికి ఎంత పెద్ద విషయమో ఊహించుకోవచ్చు.

ఇంతకీ కోదండపాణికి టేపు చెరపొద్దని బతిమాలుకోవలసిన అవసరం ఏమొచ్చింది? టేపు ఖరీదైన వస్తువు. పని తీరిపోయిన టేపు మీద పాతది చెరిపి కొత్తది ఎక్కించడం స్టూడియోల్లో, రేడియో కేంద్రాల్లో, తరవాత టీవీ కేంద్రాల్లో రోజువారీ వ్యవహారం. ఇది పేద దేశాల బాధ మాత్రమే అనుకుంటే పొరపాటు. లండన్‌లో బీబీసీ చేసిందీ అదే. 'డాక్టర్ హూ' అనే ధారావాహికలో 1960ల నాటి భాగాలు తొంభైకి పైగా ఈనాటికీ దొరకలేదు. బొమ్మ పోయింది గానీ శబ్దం మాత్రం ఒక్క భాగానిదీ పోలేదు. చిన్న పిల్లలు, కాలేజీ కుర్రాళ్లు టీవీ ముందు టేప్ రికార్డరు పెట్టుకుని ఇంట్లో రికార్డు చేసుకున్నారు. సంస్థ వదిలేసినదాన్ని శ్రోతలు కాపాడారు. బీటిల్స్ బృందం బీబీసీ రేడియోలో పాడిన పాటలు 1994లో ఆల్బమ్‌గా వచ్చినప్పుడు కూడా కొన్నింటికి ఇళ్లలో రికార్డు చేసుకున్న టేపులే ఆధారమయ్యాయి.

ఇప్పుడు బ్రిటన్‌లోనే టేపు కాపాడిన మరో బృందం సంగతి. పేరు యావరేజ్ వైట్ బ్యాండ్. 1972లో కలిసిన స్కాట్లండ్ కుర్రాళ్లు. వాళ్లు వాయించింది అమెరికాలో నల్లజాతి సంగీతకారులు పుట్టించి పెంచిన ఫంక్, సోల్ సంగీతం. ఫంక్‌లో బరువంతా మొదటి దెబ్బ మీద పడుతుంది. బాస్ గిటారు, డ్రమ్ములు, ఊదే వాద్యాలు ఎంత దూరం తిరిగొచ్చినా ఆ మొదటి దెబ్బ దగ్గర కలుసుకోవాలి. తనియావర్తనంలో మృదంగం లెక్కలన్నీ తిరిగొచ్చి సమం మీద పడే క్షణం కోసం కాచుకుని కూర్చునే మన శ్రోతకి ఇందులో కొత్తగా నేర్చుకోవలసింది పెద్దగా లేదు.

ఆ బృందంలో డ్రమ్ములు వాయించినవాడు రాబీ మెకింటోష్. గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ 1973 జనవరిలో లండన్ రెయిన్‌బో థియేటర్‌లో మళ్లీ వేదిక ఎక్కిన రోజున ముందుగా వాయించి సభను వేడెక్కించింది ఈ బృందమే. 1974లో వాళ్ల రెండో ఆల్బమ్ వచ్చింది. ఆ సెప్టెంబరు 23న లాస్ ఏంజెలెస్‌లో మెకింటోష్ మాదకద్రవ్యం వికటించి చనిపోయాడు. ఇరవై నాలుగేళ్లు. ఆ ఆల్బమ్‌లోని 'పికప్ ది పీసెస్' 1975 ఫిబ్రవరిలో అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. దాన్ని వాయించినవాడు చూడనే లేదు. అతను వాయించగా బృందం విడుదల చేసిన ఆల్బమ్‌లు రెండంటే రెండే, రెండూ స్టూడియోలో చేసినవి. వేదిక మీద జనం ముందు అతని చెయ్యి ఎలా ఆడేదో తెలుసుకోవాలంటే అప్పటి కచేరీ టేపులే దిక్కు. 1974లో రెయిన్‌బోలో ఆ బృందం వాయించిన కచేరీ దశాబ్దాల తరవాత రికార్డుగా బయటికొస్తే అభిమానులు ఎగబడి కొనడంలో ఆశ్చర్యం లేదు.

స్టూడియో రికార్డు ఉండగా లైవ్ రికార్డింగు ఎందుకని అడిగేవాళ్లున్నారు. 'పికప్ ది పీసెస్' స్టూడియోలో నాలుగు నిమిషాల పాట. అదే బృందం 1976 కచేరీల నుంచి తీసిన 'పర్సన్ టు పర్సన్' అనే లైవ్ ఆల్బమ్‌లో అది పదిహేను నిమిషాలు దాటి సాగుతుంది. ఒకరు వాయిస్తుంటే మిగతావాళ్లు కాస్త వెనక్కి తగ్గి చోటిస్తారు, జనం అరుస్తారు, ఆ అరుపు విని వాయించేవాడు ఇంకో మెట్టు ఎక్కుతాడు. నాలుగు నిమిషాల్లో ఇదంతా ఎక్కడ పడుతుంది?

అదే 1974 మార్చిలో అదే లండన్‌లో మన దేశానికి చెందిన కచేరీ ఒకటి రికార్డయింది. రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో లతా మంగేష్కర్ పాడారు. ఆ హాలులో కచేరీ చేసిన తొలి భారతీయ గాయనిగా ఆమె పేరు చెబుతారు. నటుడు దిలీప్ కుమార్ ఆమెను సభకు పరిచయం చేశారు. హెచ్ఎంవీ ఆ కచేరీని రికార్డులుగా విడుదల చేసింది. సినిమా కోసం పాడిన అవే పాటలు ఇక్కడ ప్రవాసుల చప్పట్ల మధ్య వింటుంటే వేరే రంగులో ఉంటాయి.

మరి తెలుగు వేదిక? అసలు బాధ ఇక్కడ మొదలవుతుంది. హరికథ రాత్రి మొదలుపెడితే మూడు, నాలుగు గంటలు సాగుతుంది. గ్రామఫోను రికార్డు ఒక్కో వైపు మూడు నిమిషాల పైచిలుకు. పద్యనాటకం సంగతి మరీ విడ్డూరం. పద్యం ముగియగానే జనం 'వన్స్ మోర్' అని కేకలు వేసేవారు. నటుడు మళ్లీ అందుకునేవాడు. రెండోసారి రాగం వేరే దారి పట్టేది. కృష్ణుడి పాత్రలో ఈలపాట రఘురామయ్య కోసం జనం బళ్లు కట్టుకుని వచ్చేవారంటే ఆ రెండోసారి, మూడోసారి కోసమే. వేలితో వేసే ఆయన ఈలకి సభ సభంతా మంత్రించినట్టు కూర్చునేది. గ్రామఫోను కంపెనీలు నాటకాలను సెట్లుగా తీసుకొచ్చి మేలే చేశాయి. ఆ సెట్లు లేకపోతే ఎన్నో గొంతులు మనకు తెలిసేవే కావు. కాని వాటిలో జనం లేరు. వన్స్ మోర్ లేదు. సాగదీసిన రాగాన్ని గడియారం కోసేసింది. తెలుగువాళ్లు వందల రాత్రులు మేలుకుని విన్న కళలో చాలా భాగం ఇలా నమోదు కాకుండానే వెళ్లిపోయింది. తలుచుకుంటే గుండె కలుక్కుమంటుంది.

బాలు పెరిగింది అలాంటి హరికథల ఇంట్లోనే. తండ్రి సాంబమూర్తిగారు నెల్లూరులో హరికథలు చెప్పడమే కాదు, త్యాగరాజ ఉత్సవాలు కూడా దగ్గరుండి నడిపించారు. ఆ ఇంటి అరుగు మీద సంగీతం వింటూ పెరిగిన పిల్లవాడు ఇంత పెద్ద గాయకుడయ్యాడు. తిప్పరాజువారి వీధిలోని ఆ ఇంటిని 2020 ఫిబ్రవరిలో బాలు వేదపాఠశాల కోసం కంచి పీఠానికి అప్పగించారు. అదే ఏడాది సెప్టెంబరు 25న ఆయనా వెళ్లిపోయారు.

సినిమాల్లో నిలదొక్కుకోవడానికి ముందు బాలుకి ఒక లైట్ మ్యూజిక్ ట్రూపు ఉండేది. హార్మోనియం మీద అనిరుత్త. గిటారు మీద, తరవాత హార్మోనియం మీద ఇళయరాజా. తాళవాద్యాలు భాస్కర్. గిటారు గంగై అమరన్. ఈ చివరి ముగ్గురూ పణ్ణైపురం అన్నదమ్ములే. ఇళయరాజా సంగీత దర్శకుడిగా తొలి సినిమా 1976లో గాని రాలేదు. అంటే దక్షిణాది సినిమా సంగీతాన్ని ఒక మలుపు తిప్పిన ఇద్దరు మనుషులు పెళ్లి పందిళ్లలోను సభల్లోను పక్కపక్కన కూర్చుని ఊళ్లవాళ్లు అడిగిన పాటలు వాయించారన్న మాట. ఆ ట్రూపు కచేరీ ఒక్కటైనా నిండుగా వినాలని ఏ సంగీతాభిమానికి ఉండదు? రెయిన్‌బో టేపు కోసం ఇంగ్లండు అభిమాని ఎంత ఆశపడ్డాడో తెలుగువాడికి దీని మీద అంత ఆశ ఉండాలి. ఎవరి అటకమీదైనా ఒక స్పూలు మిగిలి ఉంటే అది మన సంగీత చరిత్రకు పెద్ద దొరుకుబడే.

ఇళయరాజాకి లండన్‌తో వేరే ముడి ఉంది. 1993లో రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో ఆయన సింఫనీ రికార్డు చేశారు. అది విడుదల కాలేదు. ముప్పై ఏళ్లు దాటాక, 2025 మార్చి 8న లండన్ వేదిక మీద 'వాలియంట్' అనే మరో సింఫనీని జనం ముందు వినిపించారు. మొదటిది మాత్రం ఇంకా పెట్టెలోనే ఉండిపోయింది. రికార్డు చేయడం ఒక ఎత్తు, చెరపకుండా దాచడం ఒక ఎత్తు, దాచినదాన్ని నలుగురికి వినిపించడం మరొక ఎత్తు. మూడూ జరిగితే తప్ప పాట బతికినట్టు కాదు.

1963లో ఫిలిప్స్ కంపెనీ క్యాసెట్టును మార్కెట్టులోకి తెచ్చింది. మన ఊళ్లకి అది విరివిగా వచ్చింది 1980ల్లో. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు టూ-ఇన్-వన్ తెచ్చేవారు. అప్పటినుంచి రికార్డు చేసే అధికారం కంపెనీ చేతిలోంచి శ్రోత చేతికి వచ్చింది. నెల్లూరు తల్పగిరి రంగనాథస్వామి బ్రహ్మోత్సవాల్లో కచేరీ, పురమందిరంలో పద్యనాటకం, వినాయక చవితి పందిట్లో ఆర్కెస్ట్రా, మైపాడు దారిలో పల్లెపాలెం గంగమ్మ జాతర, పెళ్లిలో నాదస్వరం, ఆకాశవాణి విజయవాడ కేంద్రం నుంచి తెల్లవారుజామున వచ్చే భక్తిరంజని, ఏదైనా సరే, ప్లే, రికార్డు మీటలు రెండూ కలిపి నొక్కితే టేపు తిరిగేది. సీ-60 అయితే ఒక వైపు అరగంట, సీ-90 అయితే ముప్పావుగంట. మంచి పట్టులో ఉండగా టక్కున ఆగిపోయేది. తిప్పి పెట్టేలోపు రెండు చరణాలు పోయేవి. ఆ ఖాళీ కూడా ఇప్పుడు చరిత్రే.

ఆ క్యాసెట్లు కోస్తా ఊళ్లలో ఇంకా ఉన్నాయి. కృష్ణపట్నం నుంచి కావలి దాకా బీరువాల అడుగున, ట్రంకు పెట్టెల్లో. వాటికి శత్రువు ఉప్పుగాలి. టేపంటే పాలియెస్టర్ పట్టీ మీద ఇనుప ఆక్సైడు పొడిని జిగురుతో అంటించినది. క్యాసెట్టులో దాని వెడల్పు నాలుగు మిల్లీమీటర్ల లోపే, సెకనుకి అయిదు సెంటీమీటర్ల లోపే నడుస్తుంది. గొంతంతా ఆ పొడిలో అయస్కాంత రూపంలో ఉంటుంది. గాలిలో తేమను జిగురు పీల్చుకుంటే పొడి వదులవుతుంది, చుట్టలు ఒకదానికొకటి అంటుకుంటాయి. వర్షాకాలం తరవాత చుట్ట అంచున తెల్లగా పిండిలాంటిది కనిపిస్తే అది బూజు. పైగా ఈ తీరానికి తుఫానులు కొత్త కాదు. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర, 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫానులు పెద్దవాళ్లకి బాగా గుర్తు. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరద ఇళ్లలోకే వచ్చింది. అలాంటి నీళ్లలో నానిన క్యాసెట్టును ఎవరూ పట్టించుకోరు. ముందు మనుషులు, తరవాత బియ్యం బస్తాలు, భూమి కాగితాలు. అది సహజమే. అందుకే నీళ్లు రాకముందే పని కావాలి.

పని కష్టమైంది కాదు, ఓపిక కావాలి. ముందు క్యాసెట్టును వెలుతురుకి ఎత్తి చుట్టలు చూడాలి. బూజు ఉంటే ఆడించకూడదు. టేపు తెగుతుంది, యంత్రం తల పాడవుతుంది, ఆ పొడి పీలిస్తే మనిషికీ మంచిది కాదు. అలాంటివి తెలిసినవాళ్ల చేతికివ్వాలి. బూజు లేకపోతే క్యాసెట్టు నడుమ ఉన్న చిన్న ఉన్ని దిండు చూడాలి. పాతబడితే జిగురు ఎండి ఊడిపోతుంది. అది లేకపోతే టేపు తలకి సరిగా ఆనదు, శబ్దం దూరంగా పోతుంది. వేరే మంచి డొక్కులోకి టేపు మారిస్తే సరిపోతుంది. తరవాత ఒకసారి చివరిదాకా ముందుకి, ఒకసారి వెనక్కి తిప్పితే అంటుకున్న చుట్టలు విడతాయి. యంత్రం తలను ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్దిన దూదిపుల్లతో తుడవాలి.

ఇక అసలు సూక్ష్మం. ఆ రోజు రికార్డు చేసిన యంత్రం తల, ఇవాళ ఆడిస్తున్న యంత్రం తల ఒకే కోణంలో ఉండవు. వెంట్రుకవాసి తేడా వచ్చినా పైస్థాయి శబ్దాలు మూసుకుపోయి అంతా గోడ అవతల నుంచి విన్నట్టుంటుంది. చాలామంది టేపు పాడైపోయిందని పారేసేది ఇక్కడే. తల పక్కన చిన్న మర ఉంటుంది. టేపు ఆడుతుండగానే సన్నటి స్క్రూడ్రైవరుతో దాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ వినాలి. హరికథ టేపైతే దాసుగారి చిరతల మీద చెవి పెట్టాలి. చిరతలు చెక్క దెబ్బలా వినిపిస్తున్నంత సేపూ కోణం కుదరనట్టే. అందులోని లోహపు బిళ్లలు విడివిడిగా గలగలమన్నప్పుడు ఆపేయాలి. కాలి గజ్జెలూ అప్పుడే తేలతాయి. ముప్పై ఏళ్లుగా మూసుకుపోయి ఉన్న మనిషి గొంతు ఆ అరమలుపుతో ముందుకొచ్చి నిలబడుతుంది. అది చేసి చూసినవాళ్లకే తెలుస్తుంది ఆ సంతోషం.

కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు ఎంపీ-3 చాలదు. ఎంపీ-3 వినడానికి, వాట్సాప్‌లో పంపుకోవడానికి. దాచుకునే అసలు ప్రతి వేవ్ ఫైలుగా ఉండాలి. శబ్ద భాండాగారాల అంతర్జాతీయ సంఘం కనీసం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లలో ఎక్కించాలంటుంది, 96 అయితే మరీ మంచిదంటుంది. 48లో స్టీరియో అయితే గంటకి ఒక జీబీ అవుతుంది. ఈ రోజుల్లో అదేమంత చోటు? దగ్గులు, కుర్చీల చప్పుడు, పిల్లల ఏడుపు, మైకు కీచుమనడం ఇవేవీ అసలు ప్రతిలోంచి తీసేయకూడదు. శుభ్రం చేయాలనిపిస్తే వేరే ప్రతి మీద చేసుకోవచ్చు. ఇవాళ మనకి గోలగా అనిపించేది రేపు వినేవాడికి ఆ సభ ఎంత పెద్దదో, జనం ఎక్కడ కదిలిపోయారో చెప్పే ఆధారం. ఒక ప్రతి నెల్లూరులో ఉంటే రెండోది తీరానికి దూరంగా, హైదరాబాదులోనో బెంగళూరులోనో పిల్లల దగ్గర ఉండాలి.

హక్కుల మాట దాటేయడం న్యాయం కాదు. మన చట్టం ప్రకారం వేదిక మీద పాడినవారికి తమ ప్రదర్శన మీద యాభై ఏళ్ల పాటు హక్కు ఉంటుంది. పాట రాసినవారికి, బాణీ కట్టినవారికి జీవితకాలం, ఆ పైన అరవై ఏళ్లు. 2017లో బాలు అమెరికా పర్యటనలో ఉండగా తన పాటలు అనుమతి లేకుండా వేదిక మీద పాడకూడదని ఇళయరాజా నోటీసు పంపడం అందరికీ తెలిసిందే. ఒకే ట్రూపులో మొదలైన ఇద్దరి మధ్య ఆ కాగితం రావడం అభిమానులకు కష్టంగా తోచినా, వేదిక మీది పాటకి కూడా యజమాని ఉంటాడన్న సంగతి చాలామందికి మొదటిసారి తెలిసింది అప్పుడే. ఇంట్లో టేపును కాపాడుకుని ఇంట్లో వినడానికి అడ్డేమీ లేదు. నలుగురికీ పంచాలన్నా, అమ్మాలన్నా కళాకారుల కుటుంబాన్ని, హక్కుదారులను అడగాలి. అడిగితే కాదనేవాళ్లు తక్కువ. తమ తాతగారి గొంతు ఎక్కడో భద్రంగా ఉందని తెలిస్తే ముందు వాళ్లే పరుగున వస్తారు. 1998 నుంచి నడుస్తున్న 'ఈమాట' అంతర్జాల పత్రిక పాత రేడియో నాటకాలు, సంగీత రూపకాలు, ప్రసంగాలు శ్రోతలకు అందుబాటులో పెడుతూ వచ్చింది. వాటిని వింటున్నప్పుడు అప్పుడప్పుడూ వెనకాల ఇంటి చప్పుళ్లు వినబడతాయి. ఎవరో రేడియో ముందు కూర్చుని పట్టుకున్నవి అవి.

ఫైలుకి 'పాత పాటలు' అని పేరు పెడితే దాచినా దాచనట్టే. ఎవరు పాడారు, వాద్యాలు ఎవరివి, ఏ ఊరు, ఏ పందిరి, ఏ తేదీ, తేదీ తెలియకపోతే ఏ పండగ, ఎవరింట పెళ్లి, రికార్డు చేసినది ఎవరు, ఏ యంత్రం మీద, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఫోటో తీసి ఫైలు పక్కనే పెట్టాలి. ఇంట్లో పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని టేపు వినిపిస్తే ఈ వివరాలు వాళ్లే చెబుతారు. ఆ మాటలు కూడా ఫోనులో రికార్డు చేసి అదే ఫోల్డరులో వేయండి. క్యాసెట్టు పెట్టె మీద పెన్సిలుతో రాసిన రాతలు చెరిగిపోయి ఉంటే వెలుతురుకి ఏటవాలుగా పట్టి చూడండి, అక్షరాల నొక్కు కనిపిస్తుంది.